క్లోజింగ్ రోజు వదిలేసిన పేరు మళ్లీ ఇంటి మీదికి రావాలంటే

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో 2014లో ఇల్లు కొన్నారు. అప్పుడు మీరు హెచ్-4 (హెచ్-1బీ వీసా ఉన్నవారి భార్య/భర్తకు ఇచ్చే వీసా) మీద ఉన్నారు. జీతం లేదు, క్రెడిట్ హిస్టరీ లేదు. అందుకని లోను, టైటిల్ (యాజమాన్య హక్కు) రెండూ మీ వారి ఒక్కరి పేరు మీదే పెట్టారు. క్లోజింగ్ రోజు, అంటే కొనుగోలు పూర్తయిన రోజు, టైటిల్ కంపెనీ (యాజమాన్య రికార్డులు చూసి దానికి బీమా ఇచ్చే సంస్థ) మీచేత కూడా ఏదో కాగితం మీద సంతకం పెట్టించింది. ఇప్పుడు ఇద్దరికీ గ్రీన్‌కార్డులు వచ్చాయి, మీ పేరు చేర్చాలనుకుంటున్నారు. ఆన్‌లైన్‌లో క్విట్‌క్లెయిమ్ డీడ్ (హామీ ఏదీ లేకుండా హక్కు వదిలిచ్చే దస్తావేజు) ఫారం కొని నింపితే సరిపోతుందా, బ్యాంకు ఒప్పుకోవాలా, ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

చివరి రెండింటికీ జవాబు తేలిక. బ్యాంకు అనుమతి అక్కర్లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ పెరగదు. మొదటిదే చిక్కు. పని క్విట్‌క్లెయిమ్‌తో కూడా జరగొచ్చు. కానీ ఇంకాస్త శ్రద్ధతో అంతకంటే మంచి దస్తావేజు అదే ఖర్చులో అవుతుంది. పైగా మీరు అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది: మీరు సిటిజన్ కాదు కాబట్టి గిఫ్ట్ ట్యాక్స్ సంగతేమిటి? డబ్బు లెక్కలో అసలైనది అదే.

ముందు ఆ పాత కాగితం సంగతి. అది దాదాపు ఖాయంగా ఇంటర్‌స్పౌజల్ ట్రాన్స్‌ఫర్ డీడ్ (భార్యాభర్తల మధ్య బదిలీ దస్తావేజు) గానీ, మీరు ఆయనకు రాసిచ్చిన క్విట్‌క్లెయిమ్ డీడ్ గానీ అయి ఉంటుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రం. పెళ్లయ్యాక జీతంతో కొన్నది ఎవరి పేరు మీద ఉన్నా ఇద్దరిదీ అని చట్టం అనుకుంటుంది. లోను ఒక్కరికే ఇస్తున్నప్పుడు రెండో మనిషి తర్వాత వచ్చి ‘నా సగం సంగతేంటి’ అనకుండా లెండరు, టైటిల్ కంపెనీ ఆ సంతకం తీసుకుంటాయి. ఆ కాగితంలో ‘ఈ ఆస్తి ఆయన సొంత, ప్రత్యేక ఆస్తి’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే, కాగితం మీద చూస్తే మీ సగం మీరు వదులుకున్నట్టే. పోయిందేమోనని కంగారు పడనక్కర్లేదు. భార్యాభర్తల మధ్య ఒకరికి అన్యాయంగా లాభం చేకూరిన లావాదేవీని కాలిఫోర్నియా కోర్టులు అనుమానంగానే చూస్తాయి. ఆ తర్వాత ఆయన జీతంతో కట్టిన అసలు మేరకు కమ్యూనిటీకి, అంటే దంపతుల ఉమ్మడికి, వాటా పెరుగుతూనే ఉంటుంది. దాన్ని మూర్-మార్స్‌డెన్ లెక్క అంటారు, విడాకుల కేసుల్లో రోజూ వినపడే మాట. కానీ ఆ వాటా కోర్టుకెళ్లి రుజువు చేసుకోవాల్సినది. దస్తావేజులో పేరు ఉంటే ఆ బాధే లేదు.

కాబట్టి చేయాల్సిన మొదటి పని ఫారం కొనడం కాదు. అలమీడా కౌంటీ రికార్డర్ ఆఫీసు (ఓక్లండ్‌లో ఉంటుంది) నుంచి మీ ఇంటి మీద చివరిగా రికార్డయిన డీడ్ల కాపీలు తెప్పించండి. 2014లో అమ్మినవాళ్లు ఇచ్చిన గ్రాంట్ డీడ్ ఒకటి, మీ సంతకం ఉన్నది ఒకటి, తర్వాత ఏదైనా రీఫైనాన్స్ చేసి ఉంటే అప్పుడు రికార్డయినవి. మన దగ్గర ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు చూసుకున్నట్టే. దీన్ని దాటవేసినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు, ఎందుకో చెప్తాను.

క్విట్‌క్లెయిమ్ చెప్పేది ఒకే మాట: ‘ఈ ఆస్తిలో నాకు హక్కంటూ ఏదైనా ఉంటే అది నీకు ఇచ్చేశాను.’ హక్కు ఉందని చెప్పదు, అప్పులు లేవని చెప్పదు, రేపు ఎవరైనా అడ్డొస్తే నేను చూసుకుంటానని అసలే చెప్పదు. రాసిచ్చినవాళ్లకు ఆ రోజు హక్కు లేకపోతే పుచ్చుకున్నవాళ్లకు దక్కేది సున్నా. తర్వాత వాళ్లకు హక్కు వచ్చినా అది దానంతటదే మీకు రాదు. ఇప్పుడు ఒక సాధారణమైన పరిస్థితి చూడండి. మధ్యలో ఎప్పుడో ఆయన లివింగ్ ట్రస్టు (బతికుండగానే ఆస్తిని పెట్టుకునే కుటుంబ ట్రస్టు) పెట్టి ఇంటిని ట్రస్టులోకి మార్చారు. అప్పుడు ఇల్లు ట్రస్టీగా ఆయనది, వ్యక్తిగా ఆయనది కాదు. వ్యక్తిగా సంతకం పెట్టి మీకు క్విట్‌క్లెయిమ్ ఇస్తే రికార్డర్ తీసుకుంటాడు, ముద్ర వేస్తాడు, నంబరు ఇస్తాడు. మీ చేతికి వచ్చిన హక్కు మాత్రం ఏమీ ఉండదు. దీనికి ఉల్టా కేసూ ఉంది: రీఫైనాన్స్ కోసం ట్రస్టులోంచి బయటికి తీసి, తిరిగి పెట్టడం మరిచిపోవడం. ఇవి తెలియాలంటే చివరి డీడ్ చూడాల్సిందే.

ఇక్కడొక అలవాటు మార్చుకోవాలి. మన సబ్ రిజిస్ట్రార్ దగ్గర నిషేధిత జాబితా చూస్తారు, మార్కెట్ విలువ చూస్తారు, సాక్షుల్ని పిలుస్తారు. కౌంటీ రికార్డర్ అవేవీ చూడడు. కాగితం కొలతలు, నోటరీ ముద్ర, ఫీజు సరిగ్గా ఉంటే చాలు, రికార్డు చేస్తాడు. రికార్డయింది కదా సరైనదే అని అనుకోవడానికి లేదు.

ఇక మీకు నేను చెప్పేది: క్విట్‌క్లెయిమ్ కాకుండా గ్రాంట్ డీడ్ రూపంలో రాయించుకోండి. కాలిఫోర్నియా సివిల్ కోడ్ ప్రకారం దస్తావేజులో ‘గ్రాంట్’ అన్న మాట వాడితే రెండు హామీలు చెప్పకుండానే వచ్చేస్తాయి: ఇంతకు ముందు ఇంకెవరికీ ఇవ్వలేదనీ, తను పెట్టిన తాకట్లు, భారాలు దాచలేదనీ. ఉన్న మార్ట్‌గేజ్ రికార్డులో కనపడేదే కాబట్టి దాన్ని దస్తావేజులో ప్రస్తావిస్తే సరిపోతుంది. ఆయనకు తర్వాత ఏదైనా హక్కు వస్తే అదీ మీకు చేరుతుంది. ఖర్చులో తేడా లేదు, పేజీలో తేడా లేదు. భార్యకు హామీ ఇవ్వడానికి వెనకాడాల్సిన కారణం కూడా లేదు. క్విట్‌క్లెయిమ్ ఎక్కడ సరిపోతుందంటే, విడాకుల తర్వాత ఒకరు తప్పుకునేటప్పుడు, పాత డీడ్‌లో పేరు పొరపాటు సరిచేసేటప్పుడు, హక్కుందో లేదో తెలియని మూడో మనిషి పక్కకు జరిగేటప్పుడు.

దీనికి టైటిల్ ఇన్సూరెన్సుతోనూ సంబంధం ఉంది. 2014లో కొన్న ఓనర్స్ పాలసీ ఆయన పేరు మీద ఉంటుంది. టైటిల్ పూర్తిగా చేతులు మారినప్పుడు, రాసిచ్చినవాళ్లు డీడ్‌లో ఇచ్చిన హామీలకు బాధ్యులుగా ఉన్నంతవరకు సాధారణంగా పాలసీ వాళ్ల వెనక ఉంటుంది. క్విట్‌క్లెయిమ్‌లో హామీలే ఉండవు కాబట్టి ఆ దారీ మూసుకుపోతుంది. మీరు కొత్తగా చేరినవారు. మీరు పాలసీ లోపలికి వస్తారా లేదా అన్నది అందులో ‘ఇన్సూర్డ్’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం మీద ఉంటుంది. పాలసీ తీసి అది చదవండి. డీడ్ సంతకానికి ముందే ఆ టైటిల్ కంపెనీకి ఫోన్ చేసి, మీ పేరు చేర్చే ఎండార్స్‌మెంట్ ఎంతకు ఇస్తారో అడగండి. డీడ్ రికార్డయ్యాక అడిగితే వాళ్ల ధోరణి వేరుగా ఉంటుంది.

పేరు ఎలా చేరాలన్నది తర్వాతి నిర్ణయం. మీ ముందు మూడు దారులున్నాయి. జాయింట్ టెనన్సీ: ఒకరు పోతే రెండోవారికి ఆటోమేటిగ్గా వెళ్తుంది, ప్రొబేట్ (కోర్టు ద్వారా ఆస్తి వారసులకు మార్చడం) అక్కర్లేదు. కమ్యూనిటీ ప్రాపర్టీ: ఎవరి సగం వాళ్లు వీలునామా రాసుకోవచ్చు. కమ్యూనిటీ ప్రాపర్టీ విత్ రైట్ ఆఫ్ సర్వైవర్‌షిప్: 2001 జూలై 1 నుంచి కాలిఫోర్నియాలో ఉన్న పద్ధతి. కమ్యూనిటీ ప్రాపర్టీకి ఉన్న పన్ను లాభం, జాయింట్ టెనన్సీకి ఉన్న ప్రొబేట్ తప్పించే లాభం రెండూ ఇందులో కలుస్తాయి. టెనెంట్స్ ఇన్ కామన్ (ఎవరి వాటా వాళ్లకు విడిగా ఉండే పద్ధతి) అన్నది కూడా ఉంది గానీ, దంపతులకు అది ఎందుకు కావాలో ప్రత్యేక కారణం ఉంటే తప్ప దాని జోలికి వెళ్లకండి.

పన్ను లాభం అంటే ఏమిటో అంకెల్లో చూద్దాం. 2014లో 8,00,000 డాలర్లకు కొన్న ఇల్లు ఈరోజు 16,00,000 అనుకోండి. ఒకరు పోయారు. జాయింట్ టెనన్సీ అయితే, దంపతులిద్దరూ సిటిజన్లయిన మామూలు సందర్భంలో, పోయినవారి సగానికే, లాభం లెక్కకు తీసుకునే కొనుగోలు ధర ఇప్పటి విలువకు పెరుగుతుంది. బతికి ఉన్నవారి లెక్క 4,00,000 + 8,00,000 = 12,00,000. కమ్యూనిటీ ప్రాపర్టీ అయితే రెండు సగాలకూ పెరుగుతుంది, లెక్క 16,00,000. మర్నాడు అమ్మినా లాభం సున్నా. అందుకే ఇద్దరూ సిటిజన్లైన దంపతులకు మూడో పద్ధతి చెప్పి ముగించవచ్చు.

మీ కేసులో అంత సులువుగా ముగియదు. సిటిజన్ అయిన భార్యకు భర్త ఎంత ఇచ్చినా ఫెడరల్ గిఫ్ట్ ట్యాక్స్ లేదు. పుచ్చుకునేవారు సిటిజన్ కాకపోతే ఆ మినహాయింపు లేదు. గ్రీన్‌కార్డు ఉన్నా లేనట్టే. దాని బదులు ఏడాదికి ఒక పరిమితి ఇచ్చారు. 2025లో అది 1,90,000 డాలర్లు. అది దాటితే ఇచ్చినవారు మరుసటి ఏడాది ఏప్రిల్ 15 లోపు ఫారం 709 (గిఫ్ట్ ట్యాక్స్ రిటర్ను) దాఖలు చేయాలి. వెంటనే పన్ను కట్టాల్సిన పని చాలామందికి రాదు, దాటిన మొత్తం జీవితకాల పరిమితిలోంచి (2025లో 1,39,90,000 డాలర్లు) తగ్గుతుంది. చిక్కంతా ఫారం వేయకపోవడంతోనే. రిటర్ను వేయని గిఫ్టుకు పరిశీలన గడువు మొదలే కాదు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అది తెరిచి ఉన్న ఫైలే.

మీ ఇంటి విలువ 16,00,000, లోను బాకీ 6,00,000 అనుకుంటే మిగిలేది 10,00,000. ఆ ఇల్లు పూర్తిగా ఆయన ప్రత్యేక ఆస్తి అని లెక్కవేస్తే, మీకు వచ్చే సగం 5,00,000. పరిమితి కంటే 3,10,000 ఎక్కువ. ఫారం 709 పడాల్సిందే.

అయితే ఒక వెసులుబాటు ఉంది. దీన్ని పన్ను లెక్కలు చూసేవాళ్లలో కూడా కొందరు మరిచిపోతారు. సిటిజన్ కాని భార్యతో కలిసి స్థిరాస్తిలో సర్వైవర్‌షిప్ ఉన్న జాయింట్ టెనన్సీ ఏర్పరచడం, ఆ డబ్బు ఎవరు పెట్టినా, ఏర్పరచిన రోజున గిఫ్టు కిందికి రాదు. 1988లో వచ్చిన నిబంధన ఇది. గిఫ్టు లెక్క ఆ జాయింట్ టెనన్సీ ముగిసేనాడు చూస్తారు: ఇల్లు అమ్మి వచ్చిన డబ్బులో ఒకరు తాము పెట్టిన దానికి తగ్గ వాటాను మించి తీసుకుంటే అప్పుడు అది గిఫ్టు. అంటే మీ ముందున్న ఎంపిక ఇది. జాయింట్ టెనన్సీ పెడితే ఇప్పుడు గిఫ్ట్ రిటర్ను బెడద తప్పుతుంది. కమ్యూనిటీ ప్రాపర్టీ పెడితే రేపటి లాభాల పన్ను కలిసొస్తుంది, కానీ ఇప్పుడు రిటర్ను వేసి పెట్టుకోవాలి. రెండేళ్లలో మీకు సిటిజన్‌షిప్ వచ్చేట్టుంటే మూడో దారి ఒకటుంది: ఇప్పుడు జాయింట్ టెనన్సీ, సిటిజన్ అయ్యాక కమ్యూనిటీ ప్రాపర్టీగా ఇంకో డీడ్. అప్పటికి పుచ్చుకునేవారు సిటిజన్ కాబట్టి గిఫ్టు సమస్య ఉండదు. రెండుసార్లు రికార్డింగ్ ఫీజు కట్టడం తప్ప నష్టం లేదు. మీ వివరాలు విన్నంతలో ఇదే నయమనిపిస్తోంది. సంతకానికి ముందు దంపతుల గిఫ్టు, ఎస్టేట్ పన్నులు తెలిసిన సీపీఏ (అమెరికాలో లైసెన్సు ఉన్న అకౌంటెంటు) చేత ఒక గంట లెక్క వేయించుకోండి. ఏటా ఆదాయపు పన్ను రిటర్ను వేసిపెట్టేవారందరికీ ఈ విషయం తెలిసి ఉండాలని లేదు.

ఇది చదివే హెచ్-1బీ వాళ్లకు ఒక మాట. గిఫ్ట్ ట్యాక్స్‌లో ‘రెసిడెంట్’ అంటే ఆదాయపు పన్నులో లాగా రోజులు లెక్కపెట్టేది కాదు, శాశ్వతంగా ఇక్కడే ఉండే ఉద్దేశం ఉందా అన్నది. ఇచ్చేవారు ఆ అర్థంలో రెసిడెంట్ కాకపోతే ఆ కోటి డాలర్ల పైచిలుకు జీవితకాల పరిమితి గిఫ్టులకు వర్తించదు, ఏడాది పరిమితి దాటిన ప్రతి డాలరు మీదా పన్నే. వీసా స్థితి అనిశ్చితంగా ఉన్నప్పుడు సగం ఇల్లు రాసివ్వడానికి తొందరపడొద్దు.

ఇంకో అపోహ: ఇల్లు అమ్మినప్పుడు 5,00,000 డాలర్ల లాభం మినహాయింపు కావాలంటే ఇద్దరి పేర్లూ టైటిల్ మీద ఉండాలంటారు. అక్కర్లేదు. జాయింట్ రిటర్ను వేసే దంపతుల్లో ఒకరి పేరు మీద ఉన్నా చాలు. గత అయిదేళ్లలో రెండేళ్లు ఇద్దరూ అందులో నివసించి ఉండాలి. ఆ ఒక్క కారణంతోనే పేరు చేర్చాలనుకునేవాళ్లు ఈ శ్రమ పడక్కర్లేదు.

ఇక దస్తావేజు రాయడం. పై భాగంలో మొదటి పేజీ మొదటి రెండున్నర అంగుళాలు రికార్డింగ్‌కు వదలాలి: ఎడమవైపు మూడున్నర అంగుళాల్లో రికార్డింగ్ కోరినవారి పేరు, తిరిగి పంపాల్సిన చిరునామా; కుడివైపు అయిదు అంగుళాలు ఖాళీగా రికార్డర్ ముద్రకు. దాని కింద ట్యాక్స్ స్టేట్‌మెంట్లు ఎక్కడికి పంపాలి, ఏపీఎన్ అంటే అసెసర్ పార్సిల్ నంబరు. తర్వాత డాక్యుమెంటరీ ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ డిక్లరేషన్. అలమీడా కౌంటీలో అది మామూలుగా వెయ్యి డాలర్లకు 1.10, కానీ ఇది గిఫ్టు కాబట్టి సున్నా అని రాసి, రెవెన్యూ అండ్ టాక్సేషన్ కోడ్ 11930 అని కారణం వేయాలి. కారణం రాయకుండా సున్నా మాత్రం వేస్తే వెనక్కి పంపుతారు.

ఇచ్చేవారి పేరు 2014 డీడ్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. ఇక్కడే మన పేర్లు ఇబ్బంది పెడతాయి. ఇంటిపేరు ముందు రాసిన పాస్‌పోర్టు, వెనక రాసిన డ్రైవింగ్ లైసెన్సు, సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు వల్ల వీసాలో పడిన ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్), వెంకట సత్య అనే రెండు ముక్కల్లో ఒక ముక్క మిడిల్ నేమ్‌గా పోవడం, పెళ్లి తర్వాత మీ ఇంటిపేరు మారడం. పాత డీడ్‌లో ఒకలాగా, ఇప్పటి లైసెన్సులో ఒకలాగా ఉంటే రెండూ రాయాలి: ‘ఫలానా పేరు, ఇదివరకు ఫలానా పేరుతో టైటిల్ పొందినవారు’ అని. నోటరీ గుర్తింపు కార్డులోని పేరునే చూస్తాడు. రేపు టైటిల్ కంపెనీ పేర్ల ఇండెక్సులో వెతికినప్పుడు పాత పేరు, కొత్త పేరు ఒకే మనిషివని కనపడకపోతే మీ డీడ్ గొలుసులోంచి తెగినట్టే. మీ పేరు కూడా మీరు ఇకమీదట వాడే పేరుతోనే రాయించండి.

తర్వాత ఆస్తి వర్ణన. వీధి చిరునామా చాలదు. పాత డీడ్‌లో ఉన్న లాటు నంబరు, ట్రాక్టు నంబరు, మ్యాప్ పుస్తకం, పేజీ అన్నీ మక్కీకి మక్కీ దించాలి. కాండో అయితే యూనిట్ వర్ణన, ఉమ్మడి స్థలంలో వాటా, పార్కింగ్ హక్కు కలిపి పేజీన్నర కూడా ఉండొచ్చు. టైపు చేయొద్దు, పాత పేజీ ఫొటోకాపీ తీసి ‘ఎగ్జిబిట్ ఏ’గా జత చేయండి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే, బయటపడేది పదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు.

చివరగా మార్పు వాక్యం. భార్యాభర్తల మధ్య ఆస్తి స్వభావం మారాలంటే, ఇస్తున్నవారు ‘నా ప్రత్యేక ఆస్తి స్వభావాన్ని ఈ పత్రంతో మారుస్తున్నాను’ అని స్పష్టంగా రాతలో చెప్పాలి. 1985 నుంచి ఉన్న నియమం. ‘గ్రాంట్’ అన్న మాటే సరిపోతుందని కోర్టు చెప్పిన సందర్భం ఉంది, కానీ ఒక వాక్యం ఎక్కువ రాస్తే పోయేది లేదు. కమ్యూనిటీ ప్రాపర్టీ విత్ రైట్ ఆఫ్ సర్వైవర్‌షిప్ ఎంచుకుంటే ఆ పదాలు మొత్తం దస్తావేజులో ఉండాలి, దానికి అంగీకరిస్తున్నట్టు ఇద్దరూ అదే పత్రం మీద సంతకం పెట్టడం మంచిది.

సంతకం నోటరీ ముందే. కాలిఫోర్నియాలో ఒక్కో సంతకానికి నోటరీ గరిష్ఠంగా 15 డాలర్లు తీసుకోవచ్చు. ఇంటి దస్తావేజు కాబట్టి తన పుస్తకంలో కుడి బొటనవేలి ముద్ర కూడా వేయించుకుంటాడు, ఆశ్చర్యపోకండి. ఆయన ఇండియా వెళ్లి ఉంటే, అక్కడి వీధి చివరి నోటరీ ముద్రతో తెచ్చిన కాగితాన్ని రికార్డర్ వెనక్కి ఇస్తాడు. నానక్‌రామ్‌గూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో నోటరీ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ముద్రకు 50 డాలర్లు. లేదా ఇండియన్ నోటరీ సంతకానికి అపాస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చేయించాలి. మొదటిదే తలనొప్పి తక్కువ.

డీడ్‌తో పాటు ప్రిలిమినరీ ఛేంజ్ ఆఫ్ ఓనర్‌షిప్ రిపోర్టు, అంటే బీఓఈ-502-ఏ ఫారం, మీరు నింపి సంతకం పెట్టాలి. అందులో బదిలీ వివరాల భాగంలో మొదటి ప్రశ్నే ‘ఇది కేవలం భార్యాభర్తల మధ్య బదిలీయా’ అని. ‘అవును’ దగ్గర టిక్ పెడితే, 1978 నాటి ప్రాపొజిషన్ 13 కింద ఏటా 2 శాతానికి మించి పెరగని మీ అసెస్‌మెంట్ (పన్ను కోసం కట్టిన ఇంటి విలువ) అలాగే కొనసాగుతుంది. ఈ ఫారం లేకపోతే 20 డాలర్లు అదనం, అసెసర్ ఆఫీసు నుంచి ఉత్తరాలు అదనం. ఇంకో 75 డాలర్ల ఫీజు ఉంది, 2018 నుంచి ఇళ్ల నిధి కోసం వేస్తున్నది. మీరు నివసిస్తున్న ఇల్లే కాబట్టి మినహాయింపు వస్తుంది, కానీ ఆ మినహాయింపు మొదటి పేజీ మీదో కవర్ పేజీ మీదో రాసి ఉండాలి. రాయకపోతే అడగకుండానే తీసేసుకుంటారు. అద్దెకిచ్చిన ఇల్లయితే ఆ మినహాయింపు రాదు.

బ్యాంకు సంగతి. మీ మార్ట్‌గేజ్‌లో ‘టైటిల్ మారితే మొత్తం బాకీ కట్టాలి’ అన్న క్లాజు ఉంటుంది, అది చదివే చాలామంది ఆగిపోతారు. 1982లో వచ్చిన గార్న్-సెయింట్ జర్మెయిన్ చట్టం, అయిదు యూనిట్ల కంటే తక్కువ ఉన్న నివాసాల్లో భార్య గానీ భర్త గానీ యజమాని అయితే ఆ క్లాజు వాడకూడదని బ్యాంకును కట్టడి చేసింది. అనుమతి అడగక్కర్లేదు. రికార్డయ్యాక కాపీతో ఒక ఉత్తరం పంపితే మీకే మంచిది. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం సర్వీసర్ (లోను వాయిదాలు వసూలు చేసే సంస్థ) మిమ్మల్ని ‘సక్సెసర్ ఇన్ ఇంటరెస్ట్’గా, అంటే ఇంటిలో హక్కు పొందినవారిగా, నిర్ధారించాలి. ఆ తర్వాత లోను వివరాలు మీతో మాట్లాడకుండా తప్పించుకోలేరు. ఆయనకు ఏదైనా జరిగినప్పుడు ‘మీరు బారోవర్ కాదు, ఏమీ చెప్పలేం’ అన్న మాట వినాల్సిన పని ఉండదు.

కానీ ఒకటి గుర్తుంచుకోండి, డీడ్ వల్ల లోనులో ఏమీ మారదు. మీ పేరు చేరినా బాకీ ఆయనదే, మీ క్రెడిట్ స్కోరు పెరగదు. విడాకుల్లో ఇదే తిరగబడి కాటేస్తుంది. ఇద్దరి పేరు మీద లోనున్న ఇంట్లో ఒకరు క్విట్‌క్లెయిమ్ ఇచ్చేసి వెళ్లిపోతే ఇల్లు పోతుంది, అప్పు మిగులుతుంది. రెండోవారు మూడు నెలలు కట్టకపోతే దెబ్బ పడేది ఇద్దరి క్రెడిట్ మీదా. అలాంటప్పుడు సంతకం చేసిన డీడ్‌ను ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి సంస్థ దగ్గర, ఉంచి, రీఫైనాన్స్ పూర్తయిన రోజే రికార్డు చేయించాలి. విడాకుల కేసు దాఖలై సమన్లు అందాక రెండోవారి రాతపూర్వక అంగీకారం గానీ కోర్టు ఉత్తర్వు గానీ లేకుండా ఇల్లు ఎవరికీ రాయకూడదు, సమన్ల వెనక పేజీలోనే ఆ నిషేధం ఉంటుంది.

ఇదంతా కాలిఫోర్నియా లెక్క. డల్లాస్ వైపు ఫ్రిస్కో, ఇర్వింగ్‌లో ఉన్నవాళ్లు దీన్ని అలాగే దించకండి. టెక్సాస్‌లో ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ లేదు, కానీ క్విట్‌క్లెయిమ్‌కు అక్కడ పరువు లేదు. గొలుసులో క్విట్‌క్లెయిమ్ కనపడితే తర్వాత కొన్నవాళ్లు నమ్మి కొన్నామని చెప్పుకోలేని పరిస్థితి చాలాకాలం ఉండేది, టైటిల్ కంపెనీలు ముఖం చిట్లించేవి. 2021 సెప్టెంబర్ 1 నుంచి వచ్చిన మార్పుతో, రికార్డయి నాలుగేళ్లు దాటితే ఆ మచ్చ పోతుంది. ఆ నాలుగేళ్లు ఎందుకు మోయాలి? అక్కడ దంపతుల మధ్య స్పెషల్ వారంటీ డీడ్ (ఇచ్చినవారు తన కాలంలో వచ్చిన లోపాలకు మాత్రమే హామీ ఇచ్చే దస్తావేజు) రాయించుకోవడమే పద్ధతి.

ఇదే ఊపులో హైదరాబాద్ ఫ్లాట్‌ను కూడా ఇలాగే మీ పేరుకు మార్చుకుందామనుకునేవారికి: అమెరికాలో సంతకం చేసిన క్విట్‌క్లెయిమ్‌కు అక్కడ విలువ లేదు. ఒకే ఒక్కరి పేరున్న ఆస్తికి గిఫ్ట్ డీడ్ రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాల్సిందే. రిలీజ్ డీడ్, అంటే హక్కు విడుదల పత్రం, ఇప్పటికే ఉమ్మడి హక్కుదారులైనవారి మధ్యే చెల్లుతుంది.

రికార్డయిన డీడ్ కొన్ని వారాల్లో పోస్టులో తిరిగి వస్తుంది. వచ్చాక ముద్ర మీది నంబరు రాసి పెట్టుకుని, కౌంటీ ఇండెక్సులో ఇద్దరి పేర్లతోనూ వెతికి చూడండి. ఇంటి ఇన్సూరెన్సు ఏజెంటుకు ఫోన్ చేసి మిమ్మల్ని నేమ్డ్ ఇన్సూర్డ్‌గా చేర్పించండి. టైటిల్ మీద ఉండి పాలసీలో లేని యజమానికి అగ్నిప్రమాదం తర్వాత చెక్కు రాయించుకోవడం పెద్ద తంటా. ఆ తర్వాత నెల లోపల ప్రభుత్వ ముద్రలాంటి బొమ్మతో, ‘మీ డీడ్ సర్టిఫైడ్ కాపీకి వెంటనే ఇంత చెల్లించండి’ అంటూ ఒక ఉత్తరం వచ్చే అవకాశం బాగా ఉంది. కౌంటీ పంపింది కాదు, రికార్డుల్లోంచి పేర్లు ఏరుకుని ప్రైవేటు వాళ్లు పంపేది. మీ అసలు డీడ్ మీ బీరువాలో ఉంది, కాపీ కావాలంటే కౌంటీలో కొద్ది డాలర్లకే ఇస్తారు. ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయండి.